ఇంట్రానెట్ టెంప్లేట్ కావాలని ఐటీ వాళ్లకు రాసి ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితపుపడవ
మా సంస్థలో పరిపాలన విభాగంలో పని చేస్తున్నాను. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో, కర్మాగారాలు విశాఖలో ఒకటి, శ్రీసిటీలో ఒకటి. మొత్తం 900 మందిమి, 14 విభాగాలు. ఐదేళ్ల కిందట ఇంట్రానెట్ (సంస్థ లోపలివాళ్లకే తెరుచుకునే వెబ్‌సైట్లు) వచ్చినప్పుడు ఏ విభాగానికి తోచినట్టు ఆ విభాగం సైట్ కట్టుకుంది. ఇవాళ సెలవు దరఖాస్తు ఫారం నాలుగు చోట్ల ఉంది. నాలుగూ నాలుగు రకాలు.

పోయిన వేసవిలో విశాఖ యూనిట్లో ఒకతను చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టాడు. అతను నింపింది రెండేళ్ల కిందట రద్దయిన ఫారం. అది ఎవరి దగ్గరకూ వెళ్లలేదు. పెళ్లి పనుల్లో మునిగి ఉన్న మనిషికి ఫోను చేసి ‘మీరు గైర్హాజరులో ఉన్నారు’ అని చెప్పాల్సి వచ్చింది. ఆ ఫోను చేసింది నేనే.

అందుకే అన్ని విభాగాల సైట్లకూ ఒకే టెంప్లేట్, అంటే సైట్లు పోసుకునే అచ్చు, ఉండాలని పట్టుబట్టాను. పైవాళ్లు ఒప్పుకున్నారు. ఐటీ విభాగం ‘ఏమి కావాలో రాసి ఇవ్వండి’ అంది. మూడు వారాలుగా రాస్తూనే ఉన్నాను, 38 అంశాలయ్యాయి. మొదటిది ‘నీలం రంగు’. రెండోది ‘లోగో ఎడమ పక్కన’. మూడోది ‘ఎండీ గారి సందేశం, ఫోటోతో’. తిరిగి చదివితే నాకే తృప్తిగా లేదు. మేము వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింట్, ఇంట్రానెట్ సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్. ఇలాంటి విన్నపం రాసిన అనుభవం ఉన్నవాళ్లు దారి చూపండి.

హెల్ప్‌డెస్క్‌గది
ఆ 38 అంశాలు పక్కన పెట్టండి. పారేయవద్దు, తర్వాత పనికొస్తాయి. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి: ఏడాదికి ఎన్ని కొత్త సైట్లు పుడతాయి?

పదిహేనేళ్లుగా ఇలాంటి విన్నపాలు అందుకునే వైపు కూర్చున్నాను. టెంప్లేట్ కావాలని వచ్చిన వాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఒక మంచి సైట్, అంతే. ఏడాదికి ఒకటో రెండో సైట్లయితే చేత్తో కట్టుకోవచ్చు. పదీ పదిహేను అయితేనే టెంప్లేట్‌కు పెట్టిన శ్రమ గిట్టుబాటవుతుంది.

కాగితపుపడవ
@హెల్ప్‌డెస్క్‌గది ఇప్పుడున్న 14 విభాగాలకూ కొత్తగా కట్టాలి. ఆ తర్వాత ప్రతి ప్రాజెక్టుకూ ఒకటి అడుగుతున్నారు. పోయిన ఏడాది ప్రాజెక్టులు 11.

హెల్ప్‌డెస్క్‌గది
అయితే టెంప్లేట్ కావలసిందే. ఒకటి కాదు, రెండు. విభాగం సైట్ అంటే 900 మంది చదివేది, నలుగురు రాసేది. ప్రాజెక్టు సైట్ అంటే పన్నెండు మంది చదివి, ఆ పన్నెండు మందే రాసేది. షేర్‌పాయింట్‌లో మొదటిదానికి కమ్యూనికేషన్ సైట్, రెండోదానికి టీమ్ సైట్. ఈ రెంటినీ ఒకే అచ్చులో పోయమని అడిగితే ఐటీ వాళ్లు పోస్తారు. ఏడాది తిరిగేసరికి ఎవరూ వాడరు. విన్నపంలో మొదటి వాక్యమే ఈ తేడా చెప్పాలి.

నీలిసిరా
డిజైనర్‌ని. రంగు మొదట రాశారని బాధపడవద్దు, అందరూ అక్కడే మొదలుపెడతారు, కంటికి కనిపించేది అదే కదా. అయితే ‘ఆకర్షణీయంగా’, ‘ఆధునికంగా’, ‘సరళంగా’ అనే మాటలు మీ 38లో ఉంటే కొట్టేయండి. ఆ మాటలతో నేను ఏ గీతా గీయలేను. వాటి బదులు పది మందిని పట్టుకుని ‘పోయిన వారం ఇంట్రానెట్ ఎందుకు తెరిచారు?’ అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి ఇవ్వండి. పది వాక్యాలు చాలు. ఆ పదీ చదివితే పేజీ దానంతట అదే కనిపిస్తుంది.

రెండోషిఫ్టు
ఆ పది మందిలో ప్లాంటు మనుషులు ఉంటారా?

నేను వేరే సంస్థలో లైన్ సూపర్‌వైజర్‌ని, పరిస్థితి ఒకటే. మాకు టేబుల్ ఉండదు, కంప్యూటర్ ఉండదు. గేటు దాటగానే టైమ్ ఆఫీసు పక్కన ఒక కంప్యూటర్ పెట్టారు. కీబోర్డు మీద ప్లాస్టిక్ తొడుగు. దాని మీద ఏ, ఎస్, ఎన్ అక్షరాలు అరిగిపోయి కనిపించవు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి ఇరవై మంది దాని ముందు నిలబడతారు. బస్సు రెండుంబావుకు కదులుతుంది. ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు.

ఆ నిమిషంలో మాకు కావలసినవి మూడే: వచ్చే వారం షిఫ్టు పట్టిక, సెలవు, పే స్లిప్పు. మా మొదటి పేజీలో పైనుంచి కింద దాకా తిరిగే బొమ్మలు ఉన్నాయి. ఫోనులో తెరిస్తే తెరంతా ఆ బొమ్మే. మూడుసార్లు కిందికి జరిపితే గానీ ‘సెలవు’ అనే మాట కనబడదు. చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టిన ఆ అబ్బాయి కూడా ఇలాగే హడావిడిలో ముందు దొరికిన ఫారం నింపి ఉంటాడు.

కాగితపుపడవ
@రెండోషిఫ్టు మీరు చెప్పింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా జాబితాలో ‘ఫోను’ అనే మాటే లేదు. గేటు దగ్గర కంప్యూటర్ మాకూ ఉంది. అది ఎలా ఉందో నేను ఎన్నడూ వెళ్లి చూడలేదు. వచ్చే వారం విశాఖ వెళ్తున్నాను. షిఫ్టు మారే వేళకు అక్కడ నిలబడతాను.

ఖాతాపుస్తకం
నాది వేరే మాట. అకౌంట్స్‌లో ఉన్నాను, మా సంస్థలో రెండేళ్ల కిందట సరిగ్గా ఇలాంటి ‘ఒకే అచ్చు’ వచ్చింది. అందరికీ ఒకే మెనూ, ఒకే వార్తల పెట్టె, ఒకే ఫోటోల పెట్టె. మాకు చెప్పుకోవడానికి వార్తలేమి ఉంటాయి? జీఎస్‌టీ గడువులు, టీడీఎస్ గడువులు, బిల్లులు పంపాల్సిన ఆఖరు తేదీ, అంతే. వార్తల పెట్టె ఖాళీగా ఉంచకూడదన్నారని ఒక అమ్మాయి నెలకోసారి కూర్చుని ఏదో ఒకటి రాసేది. గడువుల పట్టిక పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. చివరకు మేము సైట్ వదిలేసి వాట్సాప్ గ్రూపులో పడ్డాం. ఏకరూపం పేరుతో విభాగాల చేతులు కట్టేయవద్దు.

హెల్ప్‌డెస్క్‌గది
@ఖాతాపుస్తకం మీ బాధ నిజమే, కానీ కాగితపుపడవ గారి దగ్గర జరిగింది దానికి తలకిందులు. అక్కడ ఎవరి ఇష్టం వాళ్లదే కాబట్టే నాలుగు ఫారాలు వచ్చాయి.

ఖాతాపుస్తకం
నాలుగు ఫారాలు రావడానికి కారణం పేజీల రూపం వేరు కావడం కాదు. ఫారానికి యజమాని లేకపోవడం. నాలుగు సైట్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా, ఫైలును కాపీ చేసి పెట్టుకుంటే నాలుగు ఫారాలే ఉంటాయి.

హెల్ప్‌డెస్క్‌గది
ఒప్పుకుంటున్నాను. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది.

కాగితపుపడవ
@ఖాతాపుస్తకం ఇన్నాళ్లూ నేను తప్పు దాన్ని పట్టుకుని లాగుతున్నానన్నమాట.

గుమాస్తాగిరి
ప్రభుత్వ కార్యాలయం నుంచి. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం 2009లో మార్గదర్శకాలు తెచ్చింది, 2023లో మూడో కూర్పు వచ్చింది. అవి బయటి సైట్ల కోసం రాసినవే గానీ, మీ పనికి పనికొచ్చేది అందులో ఒకటుంది. ప్రతి సమాచారానికీ బాధ్యుడు ఎవరు, దాన్ని ఎప్పుడు తిరగచూడాలి అనేవి ముందే నిర్ణయించి ఉండాలి. మీ టెంప్లేట్‌లో ప్రతి పేజీకీ రెండు గడులు తప్పనిసరిగా పెట్టమనండి: ‘బాధ్యులు’, ‘తిరగచూడాల్సిన తేదీ’. బాధ్యుల గడిలో మనిషి పేరు కాకుండా హోదా రాయించండి. మనుషులు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు. మా దగ్గర ఒక పేజీ కింద ‘వివరాలకు సంప్రదించండి’ అని ఉన్న పెద్దమనిషి రిటైరై ఆరేళ్లయింది. ఇప్పటికీ ఆయనకు ఫోన్లు వెళ్తున్నాయి. పాపం, ఓపిగ్గా జవాబు చెబుతున్నారు.

ఎడిసన్‌తెలుగు
న్యూజెర్సీలో షేర్‌పాయింట్ పనే చేస్తున్నాను. యంత్రం వైపు నుంచి కొన్ని చెప్పాలి, లేకపోతే రాని దాన్ని అడిగి తర్వాత ఐటీ వాళ్లతో గొడవ పడతారు.

సైట్ టెంప్లేట్ లోపల ఉండేది సైట్ స్క్రిప్ట్. అంటే జేసన్ అనే పాఠ రూపంలో రాసిన ఆదేశాల వరుస. ఫలానా జాబితా సృష్టించు, దానికి ఈ కాలమ్స్ చేర్చు, మెనూలో ఈ లింకులు పెట్టు, ఈ థీమ్ తగిలించు, ఫలానా హబ్‌కు (సైట్లన్నింటినీ కలిపే ప్రధాన సైట్‌కు) కలుపు. ఇలాంటివన్నీ చేస్తుంది. పేజీ మీద మీరు పేర్చుకున్న వెబ్ పార్టులు (వార్తలు, బొమ్మలు, లింకుల పెట్టెలు) మాత్రం ఈ ఆదేశాలతో రావు. మొదటి పేజీ కూడా తయారుగా కావాలంటే ఒక నమూనా సైట్ కట్టి, పీఎన్‌పీ పవర్‌షెల్ అనే ఆదేశాల పరికరంతో దాన్ని ఎత్తి కొత్త సైట్‌లో పరవాలి. అది అదనపు పని, దానికి ఒక మనిషి కావాలి. కాబట్టి విన్నపంలో ‘జాబితాలు, మెనూ తయారుగా వస్తే చాలు’ అంటారా, ‘పేజీ కూడా పేర్చి ఉండాలి’ అంటారా, తేల్చి రాయండి. ఖర్చు ఇక్కడే మారిపోతుంది.

ఇంకొకటి, చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది. టెంప్లేట్ మార్చినంత మాత్రాన దానితో ఇప్పటికే పుట్టిన సైట్లు మారవు. జంతికల గొట్టంలో బిళ్ల మారిస్తే ఇక మీద వత్తేవి మారతాయి, మూకుట్లో వేగుతున్నవి మారవు. పాత సైట్లకు ఒక్కొక్కదానికీ మళ్లీ వర్తింపజేయాలి. అప్పుడు కొత్తవి వచ్చి చేరతాయి గానీ, ఈలోగా మనుషులు పెట్టుకున్నవి తమంతట తాము సర్దుకోవు.

నీలిసిరా
జంతికల పోలిక నా క్లయింట్లకు చెప్పడానికి వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

ఎడిసన్‌తెలుగు
@నీలిసిరా తప్పకుండా. మా అమ్మ వంటింట్లో తట్టింది అది.

కాగితపుపడవ
@ఎడిసన్‌తెలుగు అంటే మొదటిసారే అన్నీ సరిగ్గా ఉండాలా? సెలవు విధానం ఏటా మారుతుంది. ప్రతిసారీ 14 సైట్లు మార్చాలా?

ఎడిసన్‌తెలుగు
అక్కర్లేదు. మారేవి టెంప్లేట్‌లో పెట్టవద్దు, హబ్‌లో పెట్టండి. హబ్ సైట్ ఒకటి ఉంచి, 14 సైట్లనూ దానికి కలిపితే హబ్ మెనూ అన్నింటి పైనా కనిపిస్తుంది. అక్కడ ఒక్క లింకు మార్చితే అన్ని చోట్లా మారుతుంది. రంగులు కూడా హబ్ నుంచే దిగుతాయి, కాబట్టి మీ ‘నీలం రంగు’ ఒక్కచోట తేలిపోతుంది. సెలవు, పే స్లిప్పు, షిఫ్టు పట్టిక హబ్ మెనూలో ఉండాలి. ఫారం ఒక్కచోటే ఉండాలి, మిగతా సైట్లలో దాని లింకు తప్ప కాపీ ఉండకూడదు.

ఒక జాగ్రత్త. హబ్‌కు కలిపినంత మాత్రాన ఎవరికి ఏది కనిపించాలన్న అనుమతులు మారవు. వాటిని సైట్ సైట్‌కూ విడిగా చూసుకోవాలి. విన్నపంలో ‘ఎవరు చదవాలి, ఎవరు రాయాలి’ అనే చిన్న పట్టిక తప్పక పెట్టండి.

ఖాతాపుస్తకం
ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. పైన అందరికీ ఒకటే మెనూ, కింద మా గడువుల పట్టిక మా ఇష్టం. నేను అడిగింది కూడా అదే.

చెవితోచదువు
చూపు లేదు. బ్యాంకులో పని చేస్తాను. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ఇంట్రానెట్ వింటాను. ఎవరో ఒకరు ఈ మాట తెస్తారని ఇందాకటి నుంచి ఎదురు చూస్తున్నాను, రాలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మీరు పేజీని చూపుతో ఒక్కసారిగా పట్టుకుంటారు. నేను హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతాను. శీర్షికను నిజంగా శీర్షికగా పెట్టకుండా అక్షరాలు లావుగా చేసి వదిలేస్తే నాకు దూకడానికి మెట్టు ఉండదు, మొదటి నుంచి అంతా వినాలి. ఇక సర్క్యులర్‌ను అందంగా బొమ్మగా చేసి పెడతారు. నాకు వినిపించేది ‘గ్రాఫిక్’ అనే ఒక్క మాట, దాని వెనక ఏదో అంకెల ఫైలు పేరు. పండగ శుభాకాంక్షలయితే పోనీ అనుకోవచ్చు. వైద్య బీమా ఆఖరు తేదీ కూడా అలాగే బొమ్మగా వచ్చింది. పక్క సీటు మిత్రుడు చదివి చెప్పాడు కాబట్టి ఆ ఏడాది నష్టపోలేదు.

విన్నపంలో మూడు మాటలు రాయండి. శీర్షికలు నిజమైన శీర్షికలుగా ఉండాలి. బొమ్మ పెడితే దానికి వివరణ రాయకుండా ప్రచురించకూడదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. చివరిది నా కోసం కాదు. గేటు దగ్గర ఎండ పడే తెర ముందు నిలబడేవాళ్ల కోసం, నలభై దాటిన కళ్ల కోసం. టెంప్లేట్‌లోనే ఇవి ఉంటే 25 సైట్లకు ఒకేసారి మేలు జరుగుతుంది. తర్వాత అతికిద్దామంటే ఎవరికీ తీరిక దొరకదు.

రెండోషిఫ్టు
ఎండ మాట నిజం. మా కంప్యూటర్ తెర పడమటి కిటికీ వైపు ఉంది. సాయంత్రం బూడిద రంగు అక్షరాలు అసలు కనబడవు.

నీలిసిరా
@చెవితోచదువు నేను డిజైన్ చేస్తూ రంగుల తేడా కొలుస్తాను. బొమ్మ వివరణ మాత్రం ‘రాసేవాళ్లు చూసుకుంటారు’ అని వదిలేస్తూ వచ్చాను. ఇక వదలను.

అచ్చుతప్పు
తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. @కాగితపుపడవ మీ సర్క్యులర్లు తెలుగులో కూడా వస్తాయా?

కాగితపుపడవ
@అచ్చుతప్పు రెండు ప్లాంట్లకూ తెలుగులోనే వస్తాయి. డీటీపీ చేయించి పీడీఎఫ్ పెడతాం.

అచ్చుతప్పు
అక్కడే చిక్కు. యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ ప్రపంచమంతా వాడే ఒకే సంకేతాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో కొడితే కంటికి తెలుగులాగే కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వెతుకుడు పెట్టెలో ‘బోనస్’ అని తెలుగులో కొట్టి చూడండి, మీ పీడీఎఫ్‌లలో ఒక్కటీ రాదు. @చెవితోచదువు గారి స్క్రీన్ రీడర్‌కు అదంతా గజిబిజి. అక్షరాలు కాపీ చేసి ఫోనులో అతికిస్తే పిచ్చి గుర్తులు. విన్నపంలో ‘తెలుగు పాఠం అంతా యూనికోడ్‌లోనే’ అని ఒక్క ముక్క రాయండి. ఫాంటు కోసం వెతుక్కోనక్కర్లేదు. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచీ గౌతమి ఉండేది, ఇప్పుడు నిర్మలా యూఐ ఉంది.

లింకుల గురించి కూడా. ఫైలు పేరు తెలుగులో పెడితే, లింకును మెయిల్‌లో అతికించినప్పుడు చాలాసార్లు ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ‘సెలవులు’ అనే చిన్న మాటకు లోపల ఏడు సంకేతాలు, అంటే లింకులో 63 గుర్తులు. అలా విడిపోకముందు లెక్కలో షేర్‌పాయింట్‌లో దారి మొత్తం 400 గుర్తులకు మించకూడదు కాబట్టి, ఫోల్డరు లోపల ఫోల్డరు పెట్టి అన్నింటికీ పొడుగు పేర్లు పెట్టే అలవాటుకు ముందే కళ్లెం వేయాలి. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా, శీర్షిక తెలుగులో నిండుగా ఉంచమని నా సలహా. చదివేవాడికి కనిపించాల్సింది శీర్షిక.

గుమాస్తాగిరి
మెనూ తెలుగులో పెట్టేటప్పుడు వాడుకలో ఉన్న మాటే పెట్టండి. ‘పే స్లిప్పు’ను ‘వేతన పత్రం’ అని మార్చితే మా వాళ్లే వెతుక్కున్నారు.

అచ్చుతప్పు
@గుమాస్తాగిరి పూర్తిగా ఏకీభవిస్తాను. తెలుగు మీద ప్రేమ ఉన్నవాడినే, అయినా జనం నోట్లో ఉన్న మాటే తెలుగు.

హెల్ప్‌డెస్క్‌గది
మళ్లీ వచ్చాను. సర్క్యులర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అంకె రాయండి. ఒక లైబ్రరీలో (ఫైళ్లు దాచే చోట) 5,000 దాటితే వడపోతలు, వరుసలు మొండికేస్తాయి. సంవత్సరం, విభాగం, యూనిట్ అనే కాలమ్స్‌కు టెంప్లేట్‌లోనే ఇండెక్స్ (వేగంగా వెతకడానికి సూచిక) పెట్టేస్తే ఆ తలనొప్పి ఉండదు. మీరు అంకె చెప్పకపోతే ఐటీ వాళ్లకు ఈ ఆలోచన రాదు.

పాత సైట్లను ఏమి చేయాలో కూడా రాయండి. కొత్తది వచ్చిన రోజే పాతది తొలగించమంటారు కొందరు ఉత్సాహవంతులు. తొలగించిన సైట్ 93 రోజుల వరకే తిరిగి వస్తుంది. సంవత్సరాంత ఆడిట్‌కు ఏదో కాగితం కావాలని ఎవరో నాలుగో నెలలో అడుగుతారు. ముందు ‘చదవడానికి మాత్రమే’ అని మార్చి, ఒక ఏడాది చూసి, అప్పుడు నిర్ణయించండి. పాత ఫారాలను మాత్రం మొదటి రోజే తీసేయండి, వాటికి మినహాయింపు లేదు.

మరచిపోతున్నారు ఇంకొకటి. పది మంది గానీ అంతకు మించి గానీ పని చేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని, కమిటీ ఏర్పాటు ఉత్తర్వు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని 2013 చట్టం చెబుతోంది. గోడ మీద ఎలాగూ పెడతారు. హబ్ మెనూలో కూడా పెట్టండి, ఏ విభాగమూ తీసేయలేని చోట. ఒంటరిగా ఉన్నప్పుడు వెతుక్కునేది అది. గోడ ముందు నిలబడి చదవడానికి చాలామందికి ధైర్యం చాలదు.

ఖాతాపుస్తకం
ఈ చివరి పేరా ఒక్కదాని కోసమైనా ఈ చర్చ పెట్టినందుకు కాగితపుపడవ గారికి రుణపడి ఉంటాం.

కాగితపుపడవ
విశాఖ వెళ్లొచ్చాను. రెండు రోజులు షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడ్డాను. @రెండోషిఫ్టు మీరు రాసినట్టే ఉంది, ఒక్క తేడా: మా కీబోర్డుకు ప్లాస్టిక్ తొడుగు లేదు, స్పేస్ మీట మీద గ్రీజు అంటుకుని గట్టిపడింది. ఆ రెండు రోజుల్లో 31 మంది కంప్యూటర్ ముట్టుకున్నారు. 19 మంది షిఫ్టు పట్టిక కోసం, 7 మంది పే స్లిప్పు, 4 సెలవు. ఒకాయన క్యాంటీన్‌లో రాత్రికి ఏమి వండుతున్నారో చూడటానికి వచ్చాడు. ఎండీ గారి సందేశం ఒక్కరూ తెరవలేదు.

పెళ్లికి సెలవు పెట్టిన అబ్బాయిని కూడా కలిశాను. ఫారం ఎలా దొరికిందని అడిగితే, ఫోనులో పాత లింకు భద్రం చేసుకున్నాడట. ‘ఒకసారి దొరికింది కదా మేడమ్, మళ్లీ వెతకడం ఎందుకని’ అన్నాడు. అంటే మెనూ మార్చినా అతనికి ఉపయోగం లేదు. పాత లింకు నొక్కితే కొత్త ఫారం దగ్గరకే వెళ్లాలి. ఇది నా 38లోనూ లేదు, ఇక్కడి సలహాల్లోనూ రాలేదు.

ఎడిసన్‌తెలుగు
చాలా విలువైన సంగతి. ఇరవై ఏళ్ల అనుభవంలో నేను దీన్ని ఎప్పుడూ చివర్లోనే గుర్తు చేసుకున్నాను. పాత సైట్ చిరునామా మారుతుంటే దారి మళ్లింపు పెట్టవచ్చు. ఫైలు ఒక్కటే అయితే, పాత పేజీ స్థానంలో ‘ఈ ఫారం మారింది, ఇక్కడ నొక్కండి’ అని ఒక్క పెద్ద బొత్తం ఉన్న పేజీ ఉంచమనండి. అదే చిరునామాలో.

నీలిసిరా
ఎండీ సందేశం సంగతి ఆయనకు ఎలా చెబుతారు?

కాగితపుపడవ
@నీలిసిరా గేటు దగ్గర లెక్క ఉన్న కాగితం అలాగే చూపించాను. ఆయన అంకెలు చూసి ‘నా ఫోటో బదులు షిఫ్టు పట్టిక పెట్టండి’ అన్నారు. భయపడినంత ఏమీ జరగలేదు. సందేశం వార్తల్లో వస్తుంది.

విన్నపం తిరగరాశాను. రెండు పేజీలకు దిగింది. మొదటి భాగం ఇది, తప్పులుంటే చెప్పండి:

‘మాకు రెండు టెంప్లేట్లు కావాలి: 14 విభాగాలకు ఒకటి, ఏడాదికి సుమారు 11 ప్రాజెక్టులకు ఒకటి. విభాగం సైట్‌ను ఎక్కువమంది ఫోనులో గానీ, గేటు దగ్గర నిలబడి గానీ చూస్తారు. వాళ్లకు ఒక నిమిషం కంటే వ్యవధి ఉండదు. షిఫ్టు పట్టిక, పే స్లిప్పు, సెలవు, అంతర్గత కమిటీ వివరాలు హబ్ మెనూలో ఉండాలి. వీటిని విభాగాలు మార్చలేవు, కాపీ చేసి పెట్టుకోకూడదు. మొదటి పేజీ మధ్య భాగం పూర్తిగా విభాగం ఇష్టం. ప్రతి పేజీలో బాధ్యుల హోదా, తిరగచూడాల్సిన తేదీ తప్పనిసరి. తెలుగు పాఠం యూనికోడ్‌లో ఉంటుంది. బొమ్మకు వివరణ లేకుండా ప్రచురించరాదు. పాత ఫారాల లింకులు నొక్కితే కొత్త ఫారం తెరుచుకోవాలి. ముందు ఒక్క విభాగానికి కట్టి, వాడి చూసి, ఆ తర్వాతే మిగతావి.’

రంగు సంగతి చివరి పేరాలో ఉంది. నీలమే.

హెల్ప్‌డెస్క్‌గది
ఇలాంటి విన్నపం నా టేబుల్ మీదకు వస్తే ఆ రోజే పని మొదలుపెడతాను. ఒక్కటి చేర్చండి: పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ‘గేటు దగ్గర కొత్తవాడు నిమిషంలోపు సెలవు ఫారం తెరవగలగాలి’ అని రాయండి. కొలవగలిగిన మాట ఉంటే తర్వాత వాదనలు ఉండవు.

నీలిసిరా
కొలవడానికి వంద మంది అక్కర్లేదు. వాడుక పరీక్షలకు ఐదుగురు చాలని ఆ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఐదుగురిని కూర్చోబెట్టి ‘సెలవు పెట్టండి’ అని చెప్పి, మీరు నోరు విప్పకుండా పక్కన ఉండండి. కష్టమైనది నోరు విప్పకుండా ఉండటమే.

చెవితోచదువు
ఆ ఐదుగురిలో ఒకరు నాలాంటివారు ఉండేలా చూడండి. సంస్థలో ఎవరూ లేకపోతే నాకు సందేశం పంపండి, సెలవు రోజున కూర్చుని విని చెబుతాను.

కాగితపుపడవ
@చెవితోచదువు తప్పకుండా పంపుతాను. మా సైట్ బయటివారికి తెరుచుకోదు కాబట్టి పరీక్ష కోసం ఖాళీ నమూనా ఇవ్వగలరా అని ఐటీ వాళ్లను అడుగుతాను.

కాగితపుపడవ
నెల తర్వాత రాస్తున్నాను. మొదటి సైట్ స్టోర్స్ విభాగానికి కట్టారు. ఐదుగురితో పరీక్ష చేశాం. నలుగురు నిమిషంలోపు సెలవు ఫారం తెరిచారు. ఐదో ఆమె ప్యాకింగ్‌లో పని చేస్తుంది, ‘హెచ్‌ఆర్’ కింద వెతికి ఆగిపోయింది. ఆమె దృష్టిలో సెలవు ఇచ్చేది హెచ్‌ఆర్ కాదు, టైమ్ ఆఫీసు. మెనూలో ‘సెలవు’ అనే మాటను ఏ శీర్షిక కిందా పెట్టకుండా బయటికి తెచ్చాం. రెండోసారి పది క్షణాల్లో తెరిచింది.

ఖాళీ నమూనా @చెవితోచదువు గారికి చేరింది. ఆయన పట్టుకున్న తప్పులు ఆరు, నాలుగు సరిచేశారు, రెండు నడుస్తున్నాయి.

రెండోషిఫ్టు
గేటు దగ్గర కంప్యూటర్?

కాగితపుపడవ
@రెండోషిఫ్టు కొత్త కీబోర్డు కూడా విన్నపంలోనే రాశాను. అది టెంప్లేట్ కిందకు రాదన్నారు. నిన్న విడిగా కొనుగోలు ఇండెంట్ పెట్టాను.

రెండోషిఫ్టు
అక్షరాలు చెక్కినట్టు ఉండే రకం అడగండి. అచ్చు వేసినవి ఆరు నెలల్లో అరిగిపోతాయి.